మత్తు మానినవానికి మైదానము తోడు
చికిత్స ముగించుకొని ఇల్లు చేరినవారి సాయంకాలములను గుఱించి పంచాయతీ సభ్యులకు కొన్ని సూచనలు

త్రాగుడుకో, గంజాయికో బానిసయైన ఒక మనిషి ఆసుపత్రిలో చికిత్స పొంది కొన్ని వారములకు స్వగ్రామమునకు తిరిగి వచ్చెననుకొందము. చేతుల వణకు తగ్గినది. ఆకలి పుట్టినది. ఇంటిల్లిపాది సంతసించిరి. మఱునాడు అతడు పొలము పనికి పోయెను. సాయంకాలము ఐదున్నర గంటలకు పని ముగిసెను. రాత్రి భోజనమునకు ఎనిమిది గంటలగును. ఈ నడిమి రెండున్నర గంటలు అతడెక్కడ గడపవలెను? ఇన్నేండ్లుగా ఆ వేళకు అతని కాళ్లు ఎఱిగిన త్రోవ ఒక్కటే. అది కల్లు మండువకో, బెల్టు షాపునకో, ఊరి చివర గుడుంబా దొరకు ఇంటికో పోవు త్రోవ. అతని స్నేహితులందఱును అచ్చటనే యున్నారు. పేరు పెట్టి పిలిచి దగ్గఱ కూర్చుండబెట్టుకొను చోటు ఊరిలో వేఱొకటి లేదు.

మత్తును విడిపించుట వైద్యుని పని. ఆ రెండున్నర గంటలను నింపుట వైద్యుని వలన కాదు. గ్రామము వలననే కావలెను. అందులకు పంచాయతీ చేతిలో సిద్ధముగ నున్న సాధనము ఒకటి కలదు. అదియే ఊరి ఆటస్థలము. చికిత్స పొందినవారు మఱల మత్తులో పడకుండుటకు వినోదక్రీడలు ఎట్లు తోడ్పడునో, ఎచ్చట తోడ్పడజాలవో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మూడు జిల్లాలు, పలు మత్తులు

జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. వీనిలో అధికభాగము పూర్వపు వరంగల్ జిల్లాలోనిదే. ఐనను వీని జీవనము ఒక్క తీరున లేదు. జనగామ ప్రాంతమున మెట్ట సేద్యము ఎక్కువ. వానలు తప్పిన యేట హైదరాబాదునకు పనికై పోయివచ్చు యువకులు అచ్చట పలువురు. మహబూబాబాదు జిల్లాలో లంబాడీ తండాలు మెండు. కొత్తగూడ, గంగారము మండలములలో కోయగూడెములు కలవు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులున్నవి. పలిమెల, మహాముత్తారము మొదలగు మండలములు అడవి నడుమ నున్నవి.

మత్తుపదార్థములును ఇట్లే పలు విధములు. గీత కార్మికుడు తాటిచెట్టు నుండి దింపిన కల్లు వేఱు. కల్లు పేర అమ్ముడగు మందునీళ్లు వేఱు. ఈ రెండవదానిలో క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలాము వంటి నిద్రమందులు కలుపుట తెలంగాణములో అనేక పర్యాయములు బయటపడినది. నల్లబెల్లము, పటికలతో కాచు గుడుంబా తండాలను, పల్లెలను చిరకాలముగ పీడించినది. గంజాయి బెడద ఇటీవలిది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మన్యము నుండి హైదరాబాదునకు, మహారాష్ట్రమునకు సాగు గంజాయి డోర్నకల్లు, మహబూబాబాదు, కాజీపేటల మీదుగ పోవు రైళ్లలోను, రహదారులలోను పలుమాఱులు పట్టుబడినది. సరకు నడచు త్రోవలో నున్న గ్రామములు తమ పిల్లలను గుఱించి మఱింత మెలకువతో నుండవలెను.

మత్తును ఎదిరించుటలో తెలుగు పల్లెలు వెనుకబడినవి కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మ పేరు నాడు రాష్ట్రమంతటను మాఱుమ్రోగినది. ఆ యుద్యమ ఫలితముగ 1993లో సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చినది. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. ఈ చరిత్ర మనకొక పాఠము చెప్పుచున్నది. దుకాణము మూయించుట సగము పని మాత్రమే. దుకాణము మూతపడినను త్రాగుబోతు ఊరిలోనే యుండును. అతనికి చికిత్సయు, చికిత్స వెనుక అండయు లేనిచో అతడు వేఱొక దుకాణమును వెదకికొనును.

ఈ అవసరమెంతటిదో ఒక లెక్క వలన తెలియగలదు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించి, 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన సర్వేక్షణ ననుసరించి దేశములో మద్యము సేవించువారు సుమారు 16 కోట్లు. అందు 5 కోట్ల 70 లక్షల మందికి సహాయము అవసరము. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు తేలినది. ఆ ఒక్కడు మన గ్రామమునకు తిరిగి వచ్చినప్పుడు అతనిని నిలువబెట్టుకొనుట మన బాధ్యత కాదా?

ముందు చికిత్స, పిదప ఆట

ఇచ్చట ఒక విషయమును దృఢముగ చెప్పవలసియున్నది. ఆట చికిత్సకు తోడు. చికిత్సకు బదులు కాదు. నాలుగు దినములు పరుగెత్తించినచో మత్తు అదియే దిగునని కొందఱు పెద్దలు భావించుచుందురు. ఇది ప్రాణాపాయమైన భ్రమ.

ఏండ్ల తరబడి నిత్యము మద్యము గాని, నిద్రమందు కలిపిన కల్లు గాని సేవించిన శరీరము దానికి అలవడియుండును. ఒక్కసారిగ మానివేసినచో రెండు మూడు దినములలోనే వణకు, చెమటలు, నిద్రలేమి, మూర్ఛలు, లేనివి కనబడుట, వినబడుట మొదలగు లక్షణములు పుట్టవచ్చును. కొందఱికి మరణము కూడ సంభవింపవచ్చును. 2015లో తెలంగాణములో కల్తీకల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు ఇది ప్రత్యక్షముగ కనబడినది. కల్లు దొరకక మూర్ఛలతోను, మతి చలించిన ప్రవర్తనతోను వందలాది మంది ఆసుపత్రులకు తరలింపబడిరి. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోని మానసిక చికిత్సాలయము వారితో క్రిక్కిఱిసినది. కాబట్టి మానదలచిన వానిని మొదట కొనిపోవలసినది వైద్యుని యొద్దకు, మైదానమునకు కాదు.

చికిత్సకై దూరముల కేగవలసిన కష్టము ఇప్పుడు కొంత తగ్గినది. మహబూబాబాదులో 2022లోను, జనగామలోను, భూపాలపల్లిలోను 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వాని బోధనాసుపత్రులలో మానసిక వైద్యుని సలహా కోరవచ్చును. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి ఉండనే యున్నది. వ్యసనము మాన్పించుటకు ఉద్దేశింపబడిన జాతీయ సహాయ దూరవాణి సంఖ్య 14446. మానసిక వ్యథలకు సలహానిచ్చు టెలిమానస్ సంఖ్య 14416. ఈ సంఖ్యలను పంచాయతీ కార్యాలయము గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది.

పోలీసులకు వెఱచి చికిత్సకు రానివారును కలరు. మాదకద్రవ్యముల చట్టము 1985 నాటిది. అందు 64 ఏ నిబంధన యొకటి కలదు. స్వల్ప పరిమాణముతోనో, స్వయముగ సేవించుటతోనో సంబంధించిన నేరమున చిక్కిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వపు లేక ప్రభుత్వముచే గుర్తింపబడిన చికిత్సాలయములో చేరి చికిత్స పొందినచో, అతనిని విచారణ నుండి మినహాయించుటకు ఆ నిబంధన వీలు కల్పించుచున్నది. చికిత్సను పూర్తిచేయక విడిచినచో ఈ మినహాయింపు పోవును. అమ్మువానికి ఈ రక్షణ లేదు. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుపుట సభ్యుల విధి.

ఆట ఏమి చేయును?

వ్యసనము దుర్గుణము కాదు. మెదడునకు పట్టిన వ్యాధి. మత్తుపదార్థము మెదడులో సంతోషము పుట్టించు మార్గములను ఆక్రమించుకొని, తక్కిన సుఖములన్నిటిని చప్పబఱచును. మానిన తొలి మాసములలో అతనికి లోకము నిస్సారముగ తోచును. నిద్ర పట్టదు. చిన్న మాటకు కోపము వచ్చును. బిడ్డ నవ్వినను మనసు కదలదు. మానుట కంటె మానియుండుట కష్టమని పెద్దలు చెప్పుట ఇందువలననే. చికిత్స పొందినవారిలో నూటికి 40 నుండి 60 మంది ఏదో యొక సమయమున మఱల జారుచున్నారని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. రక్తపుపోటు, ఉబ్బసము వంటి దీర్ఘవ్యాధులలోను రోగము తిరుగబెట్టుట ఇంచుమించు ఇట్లే యుండును. ఇట్టి సమయమున ఆట నాలుగు విధముల ఉపకరించుచున్నది.

మొదటిది, నిద్ర. సాయంకాలము చెమట పట్టునట్లు ఆడిన శరీరము రాత్రి అలసి నిద్రించును. నిద్ర పట్టినవాడు నిద్రమందు కోరడు.

రెండవది, కోరిక. మత్తుకై పుట్టు ఆరాటము కెరటము వంటిది. లేచును, కొంతసేపు నిలుచును, తగ్గును. ఆ కొంతసేపు చేతిలో బంతి యున్నచో కెరటము దాటిపోవును. వ్యాయామము చేసిన వెనువెంటనే ఆరాటము కొంత తగ్గుచున్నదని పరిశోధకులు గమనించిరి. 2014లో ప్రచురితమైన ఒక సమీక్ష 22 అధ్యయనములను పరిశీలించి, వ్యాయామము వలన ఆందోళన, దిగులు తగ్గుననియు, మానియుండువారి సంఖ్య పెరుగుననియు నిర్ణయించినది. ఐతే అన్ని అధ్యయనములలోను ఫలితము ఒక్క రీతిగ లేదు. ఆటకు వచ్చుట మానినవారికి ఆ మేలు నిలువలేదు. క్రమము తప్పకుండుటయే ఇందలి మర్మము.

మూడవది, సహవాసము. మత్తు విడిచినవాడు తన స్నేహితులనందఱిని విడువవలసి వచ్చును. ఇది చిన్న త్యాగము కాదు. క్రొత్త స్నేహితులను ఉపన్యాసములతో సంపాదించి పెట్టజాలము. వాలీబాలులో వలకు ఈవల ఆరుగురు నిలిచినప్పుడు ఒకరి కొకరు అవసరమగుదురు. మాటలాడవలసిన పని లేకయే చెలిమి పుట్టును.

నాలుగవది, నమ్మకము. ఇంటిలోను, ఊరిలోను అతని మాట ఎవరును నమ్మరు. "రేపు ఐదున్నరకు వచ్చెదను" అని చెప్పి వచ్చుట, మఱునాడు మఱల వచ్చుట: ఇట్టి చిన్న మాటలు నిలుపుకొనుచు అతడు తనపై తనకు నమ్మకము మఱల కూర్చుకొనును. భార్య ఆ మార్పును అందఱి కంటె ముందు గమనించును.

ఇతర ప్రాంతముల అనుభవము

కేరళ రాష్ట్రము, త్రిసూరు జిల్లాలో మరొట్టిచాల్ అను గ్రామము కలదు. 1970 ప్రాంతమున ఆ గ్రామము దొంగసారాకు, జూదమునకు పేరుపడినది. సి. ఉన్నికృష్ణన్ అను యువకుడు చదరంగము నేర్చుకొని, ఊరిలోని టీ దుకాణమున కూర్చుండి వచ్చిన వారి కందఱికిని నేర్పసాగెను. క్రమముగ ఊరంతయు చదరంగమునకు అలవాటుపడినది. నేడు ఆ గ్రామము చదరంగపు ఊరుగ దేశవిదేశములలో ప్రసిద్ధి పొందినది. ఆట యొక్కటియే దీనినంతయు సాధించెననుట అతిశయోక్తి యగును. కాని సాయంకాలము కూర్చుండుటకు వేఱొక చోటు, చేయుటకు వేఱొక పని దొరకినప్పుడు మనుష్యులు మాఱగలరనుటకు ఇది చక్కని నిదర్శనము.

అమెరికాలో కొలరాడో రాష్ట్రమున 2006లో స్కాట్ స్ట్రోడ్ అను నతడు, తాను మత్తు నుండి బయటపడిన పిదప, తనవంటి వారి కొఱకు ఫీనిక్స్ అను క్రీడాసంఘమును స్థాపించెను. అందు చేరుటకు రుసుము లేదు. వచ్చువాడు అంతకు ముందు 48 గంటలు మత్తు ముట్టకుండవలెననునది ఒక్కటే నియమము. ఈ నియమములోని సొగసును సభ్యులు గమనింపవలెను. అది గడచిన పదేండ్ల చరిత్రను అడుగదు. జీవితాంతపు ప్రతిజ్ఞను కోరదు. గడచిన రెండు దినములను మాత్రమే అడుగును. జారినవాడు కూడ రెండు దినములాగి మఱల రావచ్చును. ద్వారము ఎన్నటికిని మూయబడదు.

ఐస్‌లాండు దేశపు అనుభవము నివారణకు సంబంధించినది. 1998లో అచ్చటి 15, 16 ఏండ్ల బాలబాలికలలో నూటికి 42 మంది గడచిన నెలలో త్రాగి మత్తులైనట్లు చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5కు తగ్గినది. ఆ దేశమువారు ఉపదేశములతో ఊరకుండక, పిల్లలకు క్రీడలు, కళలు నిత్యము అందునట్లు ప్రజాధనము వెచ్చించిరి, తల్లిదండ్రులను కూడగట్టిరి, రాత్రివేళ పిల్లలు వీథులలో తిరుగకుండ కట్టడి చేసిరి. తండ్రి కొఱకు తెఱచిన ఆటస్థలము కొడుకును కూడ కాపాడగలదని దీని వలన తెలియుచున్నది.

మన మైదానము మాటేమి?

ఆటలు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. జనగామ జిల్లా పాలకుర్తితో సంబంధము కలవాడుగ ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుని కావ్యములలో నాటి పిల్లల ఆటలు పేర్కొనబడినవి. చెడుగుడు, చిఱ్ఱగోనె మొన్నటి వఱకు ప్రతి వాడలోను సాగినవి. ఇట్టి ఆటలకు ఊరూర చోటు చూపుటకై 2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణములను ఏర్పాటు చేయు పథకము ప్రారంభమైనది. వాలీబాలు, కోకో, చెడుగుడు ఆడుటకు చోట్లు, దూరము దుముకుటకు ఇసుక గుంట, వ్రేలాడుటకు ఇనుప కమ్మీలు వీనిలో ఏర్పఱుపబడినవి.

ఐతే నామఫలకము నిలిచి, లోపల గడ్డి మొలచిన ప్రాంగణములు లేకపోలేదు. కొన్ని ఊరికి దూరముగ నున్నవి. కొన్నింట నీరు నిలుచును. చీకటి పడగనే కొన్ని మత్తురాయుళ్లకే నెలవగుచున్నవి. ఆటస్థలము పాడువడినచో అది శూన్యముగ నుండదు, మత్తునకు స్థావరమగును. దానిని కాపాడుటకు ఉత్తమమైన కావలి జనసంచారమే.

రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. ప్రజారోగ్యము, సాంఘిక సంక్షేమము, స్త్రీశిశు అభివృద్ధి, సాంస్కృతిక కార్యకలాపములు అందులోనివే. కావున ఈ పని పంచాయతీ పరిధికి బయటిది కాదు.

ఆచరణ విధానము

గ్రామపంచాయతీ ఈ క్రింది విధముగ పని సాగింపవచ్చును.

1. వేళ నిర్ణయింపవలెను. సాయంకాలము ఐదున్నర మొదలు ఏడున్నర వఱకు ప్రాంగణము తప్పక తెఱచియుండవలెను. ఆ వేళయే మత్తు పిలుచు వేళ. గనులలో వంతుల వారీ పనిచేయువారున్న గ్రామములలో ఉదయము కూడ ఒక వేళ నుంచుట అవసరము. ఒక వల, రెండు బంతులు, వెలుతురిచ్చు రెండు దీపములు ఉన్నచో ప్రారంభమునకు చాలును.

2. బాధ్యుని నియమింపవలెను. ప్రతి సాయంకాలము వచ్చి బంతి తీసి యిచ్చు మనిషి లేనిచో ఏ పథకమును నిలువదు. ఊరిలోని వ్యాయామోపాధ్యాయుడో, పదవీ విరమణ చేసిన సైనికుడో, యువజన సంఘ సభ్యుడో ఇందుకు తగును. అతడు త్రాగనివాడుగ నుండుట ముఖ్యము.

3. ఆట అందఱి కొఱకు నుండవలెను. "వ్యసనపరుల జట్టు" అని వేఱు చేసినచో ఒక్కరును రారు. అందఱితో కలిసి ఆడుటలోనే ఔషధ మున్నది. పిలుచు తీరు కూడ ముఖ్యమే. "త్రాగుడు మానితివి గదా, ఆటకు రా" అని పిలిచినచో అతడు తల దించుకొనును. "రా తమ్మీ, మా వైపు ఒకరు తక్కువైనారు" అని పిలిచినచో వచ్చును.

4. క్రమముగ ముందునకు పోవలెను. కాలేయము, గుండె, నరములు దెబ్బతిన్నవాడు మొదటి దినముననే చెడుగుడు బరిలో దిగరాదు. వైద్యుని అనుమతి పొంది, మొదటి రెండు వారములు నడక, తేలికపాటి బంతియాట సాగింపవలెను. పిదప వాలీబాలు ఆడవచ్చును. శరీరము నిలద్రొక్కుకొనిన తరువాతనే చెడుగుడు. దినమునకు 30 నిమిషముల చొప్పున వారమునకు ఐదు దినములు ఆడినచో, పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 150 నిమిషముల కనీస వ్యాయామము పూర్తియగును. వయసు మళ్లినవారికి, బలహీనులకు చదరంగము, క్యారమ్సు ఉంచవలెను. వారికిని ఆ వేళకు ఒక చోటు కావలెను గదా.

5. స్త్రీలకు వేళ కేటాయింపవలెను. కల్తీకల్లునకు బానిసలైన స్త్రీలును కలరు. త్రాగుబోతు భర్తల వలన మనసు విఱిగిన స్త్రీలు అంతకు మిక్కిలిగ కలరు. మహిళా సంఘములతో మాటలాడి వారికి అనుకూలమైన వేళను, చోటును ఏర్పఱుపవలెను.

6. పండుగ దినములను మఱువరాదు. మన ప్రాంతమున దసరా నాడు జమ్మి ఆకు పంచుకొనిన పిదప సీసాలు తెఱచు ఇండ్లు తక్కువ కావు. పెండ్లిళ్లు, దినవారములు కూడ అట్టివే. కోలుకొనుచున్నవానికి ఇవి గండములు. ఆ సాయంకాలములందే ప్రత్యేకముగ ఆట నేర్పాటు చేయుట మేలు.

కొన్ని హెచ్చరికలు

ఆట పేర అపకారము కూడ జరుగవచ్చును. గెలిచిన జట్టునకు రాత్రి మద్యపు విందు నిచ్చు ఆచారము కొన్ని గ్రామములలో కలదు. మత్తు విడిచినవానిని పగలు ఆడించి రాత్రి సీసా ముందు కూర్చుండబెట్టుట కంటె అన్యాయము లేదు. పంచాయతీ ప్రాంగణమున జరుగు ఏ పోటీకిని మద్యపు బహుమతి గాని, విందు గాని, మద్యపు వ్యాపారి విరాళము గాని ఉండరాదని తీర్మానింపవలెను. పందెములును అట్లే నిషిద్ధములు. ఒక వ్యసనము విడిచినవాడు జూదము అను వేఱొక వ్యసనమున సులభముగ చిక్కును.

గాయము తగిలినప్పుడు మందుల విషయమున జాగరూకత వలయును. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు అలవాటుగ మాఱగలవు. వైద్యుని చీటి లేకుండ వానిని ఈయరాదని మందుల దుకాణముల వారికిని, గ్రామములో వైద్యము చేయు వారికిని సభ్యులు తెలుపవలెను.

వ్యాధి గుట్టును కాపాడవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల వలన కలుగు మానసిక స్థితులను కూడ తన పరిధిలోనికి తీసికొన్నది. రోగి వివరములు గోప్యముగ నుండవలెననియు, రోగిని గొలుసులతో బంధింపరాదనియు ఆ చట్టము శాసించుచున్నది. గ్రామసభలో వేదికపై నిలువబెట్టి శాలువ కప్పి "ఇతడు గంజాయి మానినవాడు" అని ప్రకటించుట కొందఱికి గౌరవముగ తోచవచ్చును. మఱునాడు అతడు ఒకసారి జారినచో ఆ శాలువయే అతనికి ఉరియగును. అతడు తానై చెప్పుకొనదలచిన నాడు చెప్పుకొనును.

జారినవానిని తరిమివేయరాదు. మత్తులో నున్న దినమున మాత్రము ఆడనీయరాదు. అది అతనికిని, తోటివారికిని అపాయకరము. రెండు దినములు కడచిన పిదప ఎవరైన ఒకరు వాని ఇంటికి పోయి పిలువవలెను. జారుట తఱచైనచో మఱల వైద్యుని యొద్దకు పంపవలెను. అట్లే కల్లుగీతను నమ్ముకొనిన కుటుంబములను కించపఱచు మాటలును, కోయగూడెములలో ఇప్పపువ్వుతో ముడిపడిన ఆచారములను ఎగతాళి చేయు మాటలును ప్రచారములో దొరలరాదు. మన వైరము మనుష్యులతో కాదు.

ఫలితమును కొలుచు విధము

ఫలితమును కప్పులతో కొలువరాదు. గ్రామము నుండి నైపుణ్యము గల ఆటగాండ్రను వెలికితీయుటకు పోటీలు వేఱుగ కలవు. 2023లోను, 2024లోను జరిగిన ముఖ్యమంత్రి కప్పు పోటీలు అట్టివి. అవి మంచివే. కాని ఇచ్చటి ఉద్దేశము వేఱు. బంతిని సరిగ అందుకొనలేని నలువది యేండ్ల కూలీ ఆఱు మాసములు విడువక వచ్చినచో అదియే ఈ మైదానము గెలిచిన పోటీ. నెలకొకసారి పంచాయతీ సమావేశమున మూడు ప్రశ్నలు వేసికొనినచో చాలును. ప్రాంగణము ఎన్ని సాయంకాలములు తెఱువబడినది? సగటున ఎందఱు వచ్చిరి? రాక మానినవారి ఇండ్లకు ఎవరు పోయిరి? ఇందులో ఎవరి వ్యాధిని గుఱించియు వ్రాయవలసిన పని లేదు.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో తండాలెన్నో స్వతంత్ర గ్రామపంచాయతీలైనవి. ఆసుపత్రికి దూరముగ, అడవికి దగ్గఱగ నున్న ఈ చిన్న పంచాయతీలకు ధనబలము తక్కువ కావచ్చును. కాని ఎవరు చికిత్సకు పోయిరో, ఎవరు తిరిగి వచ్చిరో, ఎవరు సాయంకాలము ఒంటరిగ అరుగుపై కూర్చుండిరో అచ్చటి సభ్యునికి ఎవరును చెప్పనక్కఱలేదు. ఏ కార్యాలయమునకును లేని ఈ తెలివిడి వారికి కలదు.

పంచాయతీ సభ్యులు రానున్న సమావేశముననే ఈ విషయమును చర్చకు తెచ్చెదరు గాక. ప్రాంగణమును శుభ్రపఱచి, దీపము వెలిగించి, వల కట్టించుటకు ఒక వారము చాలును. ఆ పిమ్మట మిగిలిన పని ఒక్కటే: ఐదున్నర గంటలకు ఆ మనిషి ఇంటి ముందు నిలిచి, ఆటకు ఒకరు తక్కువైనారని పిలుచుట.